రాతి మీది మాయా తేదీని మీరే చదవడం ఎలా

మాయా అంటే మన మాయ కాదు, మెక్సికో, గ్వాటెమాలా ప్రాంతాల్లో వెలసిన ఒక పాత నాగరికత. వాళ్ళ శిలాఫలకం ఫొటో మొదటిసారి చూస్తే ఎవరికైనా కంగారే. ముఖాలు, పళ్ళు, పక్షి ముక్కులు, మెలికలు, అన్నీ ఒకదాన్నొకటి తోసుకుంటూ కనిపిస్తాయి. ఇది చదవాలంటే పదేళ్ళు చదువుకోవాలేమో అనిపిస్తుంది. మొత్తం చదవాలంటే నిజంగానే అంత పడుతుంది, కానీ అందులో ఒక్క తేదీ చదవడానికి మాయా భాష ఒక్క ముక్క కూడా రానక్కర్లేదు. చుక్కలు లెక్కపెట్టడం, గుణించడం, భాగించి శేషం చూడటం వస్తే చాలు. ఇంకో మంచి సంగతేంటంటే వాళ్ళు ఒకే తేదీని ఒకే ఫలకం మీద మూడు రకాలుగా రాస్తారు, కాబట్టి మీరు తప్పు చదివితే లెక్క మిమ్మల్ని అక్కడే పట్టేస్తుంది, పక్కన మాస్టారు ఉండక్కర్లేదు.

ముందుగా బొమ్మ దగ్గర జాగ్రత్త పడండి. ఫొటోతో మొదలుపెట్టకండి, వెయ్యేళ్ళకు పైగా వానలో తడిసిన సున్నపురాయి మీద నీడ ఏదో గీత ఏదో తేలదు. గీతల్లో గీసిన నకలు తీసుకోండి. హార్వర్డ్ యూనివర్సిటీ పీబాడీ మ్యూజియం వాళ్ళు మాయా శాసనాల నకళ్ళను, ఫొటోలను పక్కపక్కనే పెట్టి ఆన్‌లైన్‌లో ఉంచారు. నకలు చూసి చదివాక అప్పుడు ఫొటోలో వెతుక్కోండి, కళ్ళు త్వరగా అలవాటు పడతాయి.

అంకెలు రెండు నిమిషాల పని. చుక్క అంటే 1, అడ్డగీత అంటే 5. రెండు గీతలు మూడు చుక్కలు ఉంటే 13. మూడు గీతలు నాలుగు చుక్కలు ఉంటే 19, ఆ తర్వాత పక్క స్థానానికి వెళ్ళాలి, ఎందుకంటే వాళ్ళది ఇరవైల లెక్క. సున్నాకు పుస్తకాల్లో గవ్వలాంటి బొమ్మ వేస్తారు, రాళ్ళ మీద మాత్రం పూరేకుల్లా ఉండే వేరే గుర్తు చెక్కుతారు. అంకె బొమ్మకు ఎడమ పక్కన ఉంటే గీతలు నిలువుగా ఉంటాయి, పైన ఉంటే అడ్డంగా పడుకుంటాయి. విలువ ఒకటే.

ఇక్కడే నేను మొదట్లో ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నాను. చెక్కేవాళ్ళకు ఖాళీ జాగా నచ్చదు. ఒక్క చుక్కే పెట్టాల్సి వస్తే దానికి అటూ ఇటూ చిన్న నెలవంకలు చెక్కుతారు, రెండు చుక్కలైతే మధ్యలో ఒకటి పెడతారు. అవి అలంకారం, అంకె కాదు. నేను వాటిని కూడా చుక్కల్లో కలిపేసి 6ని 8గా, 12ని 13గా చదువుకుంటూ పోయాను, లెక్క ఎంతకీ కుదరలేదు. గుండ్రంగా నిండుగా ఉంటేనే చుక్క. వంకరగా ఉన్నా, మధ్యలో గాటు ఉన్నా అనుమానించండి. కొన్ని ఫలకాల్లో అంకెల బదులు దేవుళ్ళ తలలు ఉంటాయి (పుర్రె అయితే 10, మామూలు తలకు కండ లేని దవడ ఎముక కనిపిస్తే ఆ తల విలువకు 10 కలపాలి), అవి అందంగా ఉంటాయి గానీ కొత్తవాళ్ళు వాటి జోలికి వెళ్ళకపోవడమే మేలు.

చదివే వరుస ఇలా. నిలువు వరుసలను రెండేసి జతలుగా చూడాలి. జతలో ఎడమది, తర్వాత కుడిది, తర్వాత కింది వరుసలో ఎడమది, కుడిది, ఇలా జిగ్‌జాగ్‌గా దిగాలి. తేదీతో మొదలయ్యే శాసనమైతే పైన ఒక పెద్ద బొమ్మ, మిగతావాటికి రెండింతలో నాలుగింతలో ఉండేది, కనిపిస్తుంది. ఇక్కడ తేదీ మొదలవుతుంది అని చెప్పే బోర్డు అది. దాని కిందనుంచి ఐదు బొమ్మలకు ఐదు అంకెలు ఉంటాయి, పెద్దదాని నుంచి చిన్నదానికి: బక్తున్, కతున్, తున్, వినాల్, కిన్. కిన్ అంటే ఒక రోజు. 20 కిన్‌లు ఒక వినాల్, 18 వినాల్‌లు ఒక తున్, అంటే 360 రోజులు. 20 తున్‌లు ఒక కతున్, 7,200 రోజులు. 20 కతున్‌లు ఒక బక్తున్, 1,44,000 రోజులు. అంతా ఇరవైలే అయినా వినాల్ దగ్గర మాత్రం పద్దెనిమిదికే ఆపారు చూశారా, తున్ ఏడాదికి దగ్గరగా రావడానికి అలా చేశారు. దీంట్లో మనకో చిట్కా కూడా ఉంది: వినాల్ దగ్గర మీకు 18 గానీ 19 గానీ వచ్చిందంటే తప్పు చదివారన్నమాట, అక్కడ 17 దాటదు.

ఒక అసలు తేదీ పట్టుకుందాం. మెక్సికోలోని పలెంకే రాజు పకల్, గుడి కింద సమాధిలో పచ్చరాతి ముసుగుతో దొరికినాయన. 1952లో అల్బెర్తో రూస్ అనే పురావస్తు పరిశోధకుడు ఆ గది తెరిచాడు. పకల్ చనిపోయిన రోజు 9.12.11.5.18 (మనం ఇలా చుక్కలు పెట్టి రాసుకుంటాం, ఎడమవైపు బక్తున్). గుణించండి. 9 బక్తున్‌లు 12,96,000. 12 కతున్‌లు 86,400. 11 తున్‌లు 3,960. 5 వినాల్‌లు 100. ఆపై 18. మొత్తం 13,86,478 రోజులు. ఎక్కడినుంచి? వాళ్ళ లెక్కలో ప్రస్తుత సృష్టి మొదలైన రోజు నుంచి. మన కాలెండర్‌ను వెనక్కి జరుపుకుంటూ పోతే అది క్రీ.పూ. 3114 ఆగస్టు 11. అప్పటికి మాయా నగరాలేవీ లేవు, అది వెనక్కి లెక్కకట్టి పెట్టుకున్న పురాణ దినం.

ఇప్పుడు సరిచూసుకోవడం, నాకు అన్నిటికన్నా నచ్చే భాగం.

ఐదు అంకెల తర్వాత బొమ్మలో ఇంకో అంకె, ఒక రోజు పేరు ఉంటాయి. అది 260 రోజుల చక్రంలోది. 1 నుంచి 13 దాకా అంకెలు, 20 పేర్లు, రెండూ కలిసి నడుస్తాయి. పేర్లు వరుసగా: ఇమిష్, ఇక్, అక్‌బల్, కాన్, చిక్‌చాన్, కిమి, మానిక్, లమత్, ములుక్, ఓక్, చువెన్, ఎబ్, బెన్, ఇష్, మెన్, కిబ్, కబాన్, ఎట్స్‌నబ్, కవాక్, అహావ్. సృష్టి దినం 4 అహావ్. వినాల్ నుంచి పైవన్నీ ఇరవై గుణిజాలే కాబట్టి పేరు తేల్చడానికి కిన్ అంకె ఒక్కటి చాలు: కిన్ 1 అయితే ఇమిష్, 18 అయితే ఎట్స్‌నబ్, 0 అయితే అహావ్. ఎప్పుడూ ఇంతే. పకల్‌కు కిన్ 18, కాబట్టి ఎట్స్‌నబ్.

పేరు ముందు అంకె కోసం లక్షల సంఖ్యను 13తో భాగించక్కర్లేదు, ఒక అడ్డదారి ఉంది. 4తో మొదలుపెట్టండి. ఒక్కో బక్తున్‌కు 1 తీసేయండి, ఒక్కో కతున్‌కు 2, ఒక్కో తున్‌కు 4 తీసేయండి. ఒక్కో వినాల్‌కు 7 కలపండి, ఒక్కో కిన్‌కు 1 కలపండి. వచ్చినదానికి 1 నుంచి 13 మధ్యలోకి వచ్చేదాకా పదమూళ్ళు కలుపుతూనో తీస్తూనో పోండి. (1,44,000ని 13తో భాగిస్తే 12 మిగులుతుంది, అంటే 13కు ఒకటి తక్కువ, అందుకే బక్తున్‌కు ఒకటి తగ్గడం. మిగతావీ అలా వచ్చినవే.) పకల్‌కు చేద్దాం: 4 లోంచి 9, 24, 44 పోతే మైనస్ 73. 35, 18 కలిపితే మైనస్ 20. రెండు పదమూళ్ళు కలిపితే 6. అంటే 6 ఎట్స్‌నబ్. రాతి మీదా 6 ఎట్స్‌నబ్ అనే ఉంది!

మూడోది 365 రోజుల సంవత్సరం. ఇరవై రోజుల నెలలు 18: పోప్, వో, సిప్, సోట్స్, సెక్, షుల్, యాష్‌కిన్, మోల్, చెన్, యాష్, సాక్, కెహ్, మాక్, కన్‌కిన్, మువాన్, పాష్, కయాబ్, కుమ్‌కు. చివర వయెబ్ అని మిగిలిపోయిన ఐదు రోజులు. నెలలో రోజులు 0 నుంచి 19 దాకా. ఆ సున్నాను వాళ్ళు నెల ‘కూర్చోవడం’ అంటారు. గ్వాటెమాలాలో దొరికి ఇప్పుడు నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో ఉన్న పచ్చరాతి పలక మీద తేదీ 8.14.3.1.12, నెల భాగం 0 యాష్‌కిన్, అంటే ఆ రోజు యాష్‌కిన్ నెల గద్దెనెక్కింది. సృష్టి దినం 8 కుమ్‌కు, సంవత్సరం మొదటినుంచి లెక్కిస్తే 348వ స్థానం. దానికి ఒక్కో బక్తున్‌కు 190 కలపండి, ఒక్కో కతున్‌కు 100 తీయండి, తున్‌కు 5 తీయండి, వినాల్‌కు 20, కిన్‌కు 1 కలపండి. పకల్‌కు 348, 1710 కలిపి, 1200, 55 తీసి, 100, 18 కలిపితే 921. రెండు 365లు తీసేస్తే 191. ఇరవైతో భాగిస్తే 9, శేషం 11. పోప్‌ను సున్నాగా పెట్టుకుని లెక్కిస్తే తొమ్మిదోది యాష్, కాబట్టి 11 యాష్. రాతితో సరిపోయింది.

ఒక హెచ్చరిక. చాలా ఫలకాల్లో నెల భాగం రోజు పేరు పక్కనే ఉండదు, మధ్యలో చంద్రుడి వయసు, చాంద్రమాసం 29 రోజులదా 30 రోజులదా లాంటి వివరాలతో కొన్ని బొమ్మలు దూరతాయి. వాటికీ అంకెలు ఉంటాయి, వాటిని నెల అనుకోవద్దు. లెక్కకట్టి ముందే 11 యాష్ అని తెలుసుకుని, ఆ 11 ఎక్కడుందో కిందికి వెతుక్కుంటూ వెళ్ళడం తేలిక. అది దొంగ చదువు కాదు, నిపుణులూ అరిగిపోయిన రాళ్ళ దగ్గర అదే చేస్తారు.

మన సంవత్సరంలోకి మార్చాలంటే మూడు మైలురాళ్ళు గుర్తుపెట్టుకోండి, ఎక్కువ శాసనాలు ఈ మధ్యే పడతాయి: 8.0.0.0.0 అంటే క్రీ.శ. 41 సెప్టెంబరు, 9.0.0.0.0 అంటే 435 డిసెంబరు, 10.0.0.0.0 అంటే 830 మార్చి. అక్కడినుంచి ఒక్కో కతున్‌కు 19.71 ఏళ్ళు, ఒక్కో తున్‌కు 0.986 కలపండి. పకల్‌కు 435.94కు 236.5, 10.8, మిగిలిన 118 రోజులకు 0.3 కలిపితే 683.6 దగ్గర తేలుతుంది, అంటే 683 ఆగస్టు దరిదాపులు. ఆయన పుట్టిన రోజు 9.8.9.13.0, అది 603 మార్చి. రెండింటి తేడా 29,378 రోజులు, అంటే 80 ఏళ్ళు దాటి బతికాడు. ఈ 80 దగ్గర చాలా గొడవ జరిగింది. సమాధిలోని ఎముకలు చూసినవాళ్ళు మొదట నలభై చిల్లర వయసన్నారు, శాసనాలు చదివేవాళ్ళు 80 అన్నారు, దశాబ్దాలపాటు ఎవరూ తగ్గలేదు. 2000 తర్వాత మళ్ళీ పరీక్షిస్తే ఎముకలూ ముసలాయనవేనని తేలింది.

ఒక పుస్తకంలో ఆయన మరణం ఆగస్టు 28 అని, ఇంకోచోట 31 అని, మరోచోట 29 అని కనిపిస్తుంది. టెన్షన్ పడకండి. రెండు కారణాలు. పాత జూలియన్ కాలెండర్‌కూ ఇప్పటి గ్రెగోరియన్‌కూ ఆ శతాబ్దంలో మూడు రోజుల తేడా ఉంది, కొందరు దాంట్లో చెప్తారు, కొందరు దీంట్లో. రెండోది, మాయా లెక్కను మన లెక్కకు జోడించే సంఖ్యను కొందరు 5,84,283 అంటారు, కొందరు 5,84,285 అంటారు, ఆ రెండు రోజుల పేచీ ఇంకా ఉంది. నేను పైన వాడింది మొదటిది. ఈ జోడింపును 1905లో మొదట చెప్పినాయన జోసెఫ్ గుడ్‌మన్, వృత్తిరీత్యా అమెరికాలో పత్రికా సంపాదకుడు, కుర్రవాడైన మార్క్ ట్వేన్‌కు నెవాడాలో ఉద్యోగమిచ్చింది ఆయనే. ఆయన మాటను చాలా ఏళ్ళు ఎవరూ పట్టించుకోలేదు. తర్వాత మార్తినెస్, థాంప్సన్ అనే పరిశోధకులు సరిదిద్ది నిలబెట్టారు. గ్వాటెమాలాలోని మాయా నగరం టికాల్‌లో ఒక గుడి ద్వారబంధం చెక్కను 2013లో కార్బన్ పరీక్ష చేస్తే కూడా ఈ లెక్కకే మద్దతు దొరికింది.

ఇప్పుడు తిరగేసి చేద్దాం, మన తేదీని మాయాలోకి. 2012 డిసెంబరు 21 అంటే 13.0.0.0.0, ప్రపంచం అంతమైపోతుందని గోల చేసిన రోజే. నిజానికి ఆ రోజు బక్తున్ అంకె మారిందంతే. అది 18,72,000వ రోజు. మీ తేదీకీ దానికీ మధ్య ఎన్ని రోజులో స్ప్రెడ్‌షీట్‌లో తీసివేసి చూడండి, ముందు తేదీ అయితే 18,72,000 లోంచి తీయండి, తర్వాతది అయితే కలపండి. మనిషి చంద్రుడి మీద దిగిన 1969 జులై 20 తీసుకుంటే తేడా 15,860, మిగిలేది 18,56,140. 1,44,000తో భాగిస్తే 12, మిగిలినదాన్ని 7,200తో భాగిస్తే 17, తర్వాత 360తో 15, 20తో 17, చివర 0. అంటే 12.17.15.17.0. రోజు పేరు లెక్కేసి చూడండి, 4 అహావ్ వస్తుంది, సృష్టి దినం పేరే! కాకతాళీయమే అనుకోండి, అయినా భలేగా ఉంది. మీ పుట్టినరోజుతో ఒకసారి చేస్తే పద్ధతంతా చేతికి వచ్చేస్తుంది.

ఈ లెక్క అమెరికా ఖండాల్లో అందరిదీ కాదు, ఆ పొరపాటు చాలామంది చేస్తారు. ఇంకాలు తాళ్ళకు ముడులేసి లెక్కలు దాచుకున్నారు. అజ్టెక్‌లు 260, 365 రోజుల చక్రాలు వాడారు గానీ ఈ ఐదంకెల పొడవు లెక్క వాడలేదు. మాయా నగరాల్లో కూడా క్రీ.శ. 909లో టోనినాలో చెక్కిన 10.4.0.0.0 తర్వాత రాళ్ళ మీద ఇది ఆగిపోయింది. మరోవైపు, దీన్ని మాయా వాళ్ళే కనిపెట్టారని కూడా గట్టిగా చెప్పలేం, ఎందుకంటే అతి పాత తేదీలు వాళ్ళ ఊళ్ళ బయట దొరికాయి. ఒకటి మెక్సికో వెరాక్రూజ్‌లోని త్రెస్ సాపోతెస్‌లో ఉంది, ఓల్మెక్‌ల (మాయా నగరాలకన్నా ముందు అక్కడ వెలసిన నాగరికత) తర్వాతి తరాలది.

ఆ రాయి కథ తెలిస్తే సరిచూసుకోవడం ఎంత పనికొస్తుందో అర్థమవుతుంది. 1939లో మాథ్యూ స్టిర్లింగ్ అనే పురావస్తు పరిశోధకుడికి దాని కింది సగమే దొరికింది. మిగిలిన అంకెలు 16.6.16.18, కింద రోజు 6 ఎట్స్‌నబ్. పై ముక్కతోపాటు బక్తున్ పోయింది. ఆయన భార్య మారియన్ కూర్చుని లెక్కేసి బక్తున్ 7 అని చెప్పింది. మనమూ వేద్దాం. 4 లోంచి 32, 24 తీసి, 112, 18 కలిపితే 78. ఆరు పదమూళ్ళు 78, సరిగ్గా పోయి 0. ఇప్పుడు బక్తున్‌కు ఒకటి చొప్పున తగ్గి 6 రావాలి. ఏడు తీస్తే మైనస్ 7, 13 కలిపితే 6. బక్తున్ 8 అయితే 5 వస్తుంది, 9 అయితే 4 వస్తుంది. రాతి మీద ఉన్నది 6, కాబట్టి 7 తప్ప దారి లేదు. 7.16.6.16.18 అంటే క్రీ.పూ. 32. మాయా తేదీలకన్నా పాతది ఎలా అవుతుందని పెద్ద పెద్దవాళ్ళు ఒప్పుకోలేదు. మూడు దశాబ్దాల తర్వాత పై ముక్క దొరికింది, దాని మీద ఒక గీత, రెండు చుక్కలు ఉన్నాయి. గమనించారో లేదో, పకల్ పోయిన రోజు పేరు కూడా 6 ఎట్స్‌నబ్బే, రెండింటి మధ్య సరిగ్గా 1,003 సార్లు 260 రోజుల చక్రం తిరిగింది.

లెక్క ఎన్నిసార్లు వేసినా కుదరకపోతే? తొంభై తొమ్మిది పాళ్ళు తప్పు మనదే, నెలవంకల దగ్గరికి మళ్ళీ వెళ్ళండి. మిగిలిన ఒక పాలు చెక్కినవాడిది. గ్వాటెమాలాలోని కిరిగ్వాలో 10 మీటర్లు దాటిన ఒక ఫలకం ఉంది, స్టెలా ఈ అంటారు, మాయా వాళ్ళు నిలబెట్టినవాటిలో అంతకన్నా పొడవైనది లేదు. దాని పడమటి ముఖం మీద 9.14.12.4.17 అని ఉంది, రోజు 12 కబాన్, నెల 5 కయాబ్. వేసి చూడండి: 4 లోంచి 9, 28, 48 తీసి 28, 17 కలిపితే మైనస్ 36, పదమూళ్ళు కలిపితే 3. కిన్ 17 కాబట్టి పేరు కబానే, సరే, కానీ 12 ఎక్కడ, 3 ఎక్కడ? నెల కూడా 10 కయాబ్ వస్తుంది, 5 కాదు. ఇప్పుడు తున్‌ను 12 కాకుండా 13 అనుకోండి. అంకె 3 లోంచి ఇంకో 4 తగ్గి మైనస్ 1, అంటే 12. నెల ఐదు రోజులు వెనక్కి వచ్చి 5 కయాబ్. రెండూ ఒక్క దెబ్బకు కుదిరాయి. అంత ఎత్తు రాయి తెచ్చి, రాజు గద్దెనెక్కిన రోజును చెక్కుతూ, రెండు గీతల పక్కన మూడు చుక్కలు పెట్టాల్సిన చోట రెండే పెట్టాడు.

చేయి తిరగడానికి ఒకటి మీకు వదిలేస్తున్నా: టికాల్ ఫలకం 29, తేదీ 8.12.14.8.15, క్రీ.శ. 292. అడ్డదారిలో అంకె దగ్గర 0 వస్తే దాన్ని 13 అని రాసుకోండి. 13 మెన్ 3 సిప్ వచ్చిందా, సరిగ్గా చేసినట్టే.